కల్లి కంచె లోపల

భీమప్ప ఆదోని నుంచి గంపెడు పురుగును తెచ్చి పంచలో దించాడు. ఆ పూట నుంచీ వాళ్లమ్మ ఉచ్చీరమ్మ అన్నం ముట్టలేదు. పోయిన వారం కథను అక్కడ వదిలాం. ఇవాళే మన మధ్యకు వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ ఉన్న మెట్ట ఊరు కరిగల్లు. ఆ ఊరిని పట్టిన పీడ నాగజెముడు. ఊళ్లో దాన్ని పాపాసుకల్లి అంటారు. ఏ సముద్రం దాటి వచ్చిందో ఎవరికీ తెలియదు కానీ, పశువులు మేసే బీడంతా ఇప్పుడు అదే. నరికితే నరికిన ప్రతి తునకా పడినచోటే వేరు పోసుకుంటుంది. తగలబెడితే ముళ్లు మాత్రం కాలి, అడుగు పచ్చగా నిలుస్తుంది. భీమప్ప నాలుగెకరాల నల్లరేగడిలో మూడెకరాలు దాని కిందికి పోయాయి. పంతొమ్మిది వందల ముప్పై మూడు కార్తీకంలో, ఈ కల్లిని తినే పురుగు ఒకటి వచ్చిందని విని అతను బండి కట్టుకుని ఆదోనికి పోయాడు. వ్యవసాయశాఖ ఉద్యోగి శేషాద్రి గంప నిండా కల్లి ఆకులు ఇచ్చాడు. ఆకుల మీద దూదిపింజల్లా తెల్లటి పురుగు. "కల్లి తప్ప ఇంకోటి ముట్టదు. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఇప్పుడే వేయాలి. నాలుగు రోజులు దాటితే గంపలోనే చచ్చిపోతుంది," అని చెప్పాడు.

ఇవాళ నాలుగో రోజు.

నిన్న భీమప్ప గంప ఎత్తుకుని చేనికి పోతే, ఉచ్చీరమ్మ కల్లికి అడ్డంగా కూర్చుంది. "నన్ను దాటి పో," అంది. ఎందుకో చెప్పలేదు. అతను ఎంత అరిచినా లేవలేదు. అమ్మను దాటలేక వెనక్కి వచ్చాడు. రాత్రి పెళ్లాంతో ఒకే మాట అన్నాడు: "ఈ తూరి సేను బయటపడకుంటే ఎద్దుల్ని అమ్మేస్తా. ఆదోనిలో పత్తి జిన్నుకి కూలికి పోదాం. ఈడ మనకింగ ఏమీ ల్యాదు."

*

పొద్దు బారెడెక్కేసరికి హులిగమ్మ రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టుకుని చేనికి బయలుదేరింది. కోడలిగా ఆ ఇంటికి వచ్చి ఆరేళ్లయింది ఆమెకు. అత్తతో గట్టిగా మాట్లాడిన రోజు ఒక్కటీ లేదు. ఇవాళ మాట్లాడక తప్పదని దోవ పొడుగునా అనుకుంటూనే పోయింది.

ఉచ్చీరమ్మ నిన్నటి చోటనే కూర్చుని ఉంది. వెనక ఆమె తలకు మూరెడు ఎత్తున కల్లి. ముఖం ఎండకు వాడిపోయింది.

"అత్తా, రొట్టె తెచ్చినా. గురెల్ల పొడి ఉండాది. తిను."

"ఆకలి ల్యాదు."

"ఆకలి ల్యాకుంటే కోపమన్నా ఉంటాది గదా. ఆ కోపంతోనే రోంత తిను."

ఉచ్చీరమ్మ నవ్వబోయి ఆపుకుంది. హులిగమ్మ పక్కన కూర్చుంది. తాను అనుకుంటూ వచ్చిన మాటలేవీ నోటికి రాలేదు. అత్త కాలి మడమలో ముల్లు కనబడింది. నడుముకు దోపుకున్న చిన్న పట్టుకారు తీసి, ఆ కాలిని తన ఒళ్లో పెట్టుకుంది.

ముళ్లు తీయడంలో హులిగమ్మ అంత నేర్పరి ఆ ఊళ్లో లేదు. వాళ్ల ఎర్రావు మేత దొరక్క కల్లిపండ్ల మీద పడేది. ప్రతి సాయంత్రం ఆవు నోరు తెరిచి, నాలుకకు గుచ్చుకున్న నూగుముళ్లు ఒక్కొక్కటే లాగేది హులిగమ్మ. ముల్లు ఏ తట్టు నుంచి దిగిందో చూసి, ఆవు ఎక్కడ మేసిందో చెప్పేయగలదు.

మడమ ముల్లు తీసింది. ఆపైన మోకాలి మీద ఇంకోటి ఉంది. రెండో మోకాలికి నాలుగు. చీర కొద్దిగా పైకి జరిపి చూసింది. పాత మచ్చలు, కొత్త మచ్చలు, ఒకదాని మీద ఒకటి. మోచేతులు పట్టుకుని తిప్పి చూసింది. అక్కడా అంతే.

"అత్తా," అంది మెల్లగా. "నడిసే మనిషికి ముల్లు కాలికి గుచ్చుకుంటాది. మోకాళ్లకి, మోసేతులకి ఏమిటికి గుచ్చుకుంటాది?"

ఉచ్చీరమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

"నువ్వు పాక్కుంటా యాడికో పోతాండావు. ఇది ఇయ్యాల్టిది గాదు. ఈ మచ్చలు ఏండ్లనాటివి. యాడికి పోతాండావత్తా?"

కల్లిలో ఎక్కడో ఒక పూరేడు పిట్ట కూసి ఊరుకుంది. ఉచ్చీరమ్మ లేచి, చీర కుచ్చిళ్లు గోచీ పోసి కట్టుకుంది.

"రా," అంది. "తల ఎత్తొద్దు. నేను యాడ సెయ్యి పెడితే నువ్వూ ఆడనే పెట్టు."

కల్లి దుబ్బుల అడుగున కుక్క దూరేంత సందు ఉంది. ఎండుకంప అడ్డం పెట్టడంతో బయటికి కనబడదు. ఉచ్చీరమ్మ కంప పక్కకు జరిపి మోకాళ్ల మీద లోపలికి దూరింది. హులిగమ్మ వెనకే పాకింది. పది మూరలు పోయాక నెత్తి మీద వెలుతురు పడింది. లేచి నిలబడింది.

రెండు మంచాలు వేసేంత జాగా. చుట్టూ గోడ కట్టినట్టు కల్లి. లోపల మాత్రం ఒక్క కల్లి మొలక లేదు. నేలంతా నడుమెత్తు గడ్డి. ప్రతి పోచ చివరా నక్కతోకలాంటి కంకి, పండి లేత గోధుమరంగులో ఉంది. గాలి ఆడితే కంకులన్నీ ఒకేసారి ఒరుగుతున్నాయి. గడ్డి నడుమ మూడు నున్నటి రాళ్లు పేర్చి ఉన్నాయి.

హులిగమ్మకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పూడ్చిన పసిబిడ్డల మీద పెట్టే రాళ్లు అవి.

"పేరు దానమ్మ," అంది ఉచ్చీరమ్మ. "భీముడు పుట్టకముందు. కరువు ఏడు. రెండున్నరేండ్ల బిడ్డ. పాలు ల్యావు, గంజి ల్యాదు. ఏమీ అడగల్యా ఆ పాప. అడిగి ఉంటే బాగుండు."

కూర్చుని, రాళ్ల మీద పడిన ఎండుపోచలు ఏరుతూ చెప్పింది.

"ఆ యేడాది నక్కలు గూడా కరువులో ఉండె. పూడ్సిన రెండో దినానికే వచ్చి గీరినాయి. మీ మామ రాళ్లు పెట్టినాడు. రాళ్లు గూడా తోసేసినాయి. నేను రాత్రిళ్లు ఈడనే కుచ్చుంటాంటి, కట్టె పట్టుకోని. ఎన్ని దినాలు కుచ్చుంటా? అప్పుడు ఆదోని దోవలో ఒక తోట సుట్టూ ఈ కల్లి చూసినా. నక్క గాదు గదా, పాము గూడా దూరదు అన్నాడు ఆ తోటాయన. ఆరు ఆకులు అడుక్కోని, గుడ్డలో సుట్టి నెత్తిన పెట్టుకోని నడిసొచ్చినా. ఇంటికొచ్చేసరికి నెత్తంతా రక్తం. ఈ సుట్టూ నాటినా. ఆరే, హులిగీ. ఆరంటే ఆరు ఆకులు."

ఆమె చేయి చుట్టూ ఒకసారి తిప్పింది. ఆ చేయి తిరిగిన మేర అంతా కల్లే.

"మూడేండ్లకి సేనంతా పాకె. ఆపైన బీడుకి. పిట్టలు పండ్లు తిని యాడంటే ఆడ ఏసె. మీ మామ బతికినన్నాళ్లూ నరుకుతానే ఉండె. నరికిందల్లా మల్లా లేసె. ఒక్క ఈ సుట్టు మాత్రం ముట్టల్యా ఆయన. ఈ సందు ఆయనే సేసి పెట్టినాడు నాకు. 'నీ వల్లనే గదే' అని ఒక్కనాడు, ఒక్క మాట అనల్యా. అనింటే నాకు ఇంత బరువు ఉండకపోవునేమో."

హులిగమ్మ అత్త పక్కన కూలబడింది.

"దీనికేనా పురుగు వద్దంటాండావు? కల్లి పోతే నక్కలు వస్తాయనా?" ఆగింది. తర్వాతి మాట అనాలా వద్దా అని తటపటాయించి, అనేసింది. "అత్తా, ఆ కరువు పోయి ముప్పై ఆరేండ్లాయె. నక్కకి ఈడ ఏం దొరుకుతాది?"

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. కానీ ఉచ్చీరమ్మ కోపగించుకోలేదు.

"తెలుసులే. నక్క గాదు, ఊరు. కల్లి పడిపోతే ఈ రాళ్లు బయటపడతాయి. ఈ సేన్లో ఏమిటికి ఇంత ముదురు కల్లి ఉండాదని అడుగుతారు. మొదలు ఈడనే అని తెలుస్తాది. ఎంతమంది గొర్రెలు పోయినాయి హులిగీ దీని వల్ల. వీరమ్మ కొడుకుకి కన్ను పోయె. ఎన్ని ఇండ్లు ఖాళీ సేసి పోయినాయి. వాండ్లందరికీ నేనేం సెప్పేది?"

నీ తప్పు లేదని చెప్పడం తేలిక. ఆ మాట హులిగమ్మ నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్లు ఒంటరిగా మోసిన మనిషికి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాలేదు.

"నువ్వు నాటింది నిజమే అత్తా. ఇందులో ఎంత నీదో నాకు తెలీదు. మా పుట్టినూర్లో గూడా ఇదే కల్లి ఉండాది. కోసిగి తట్టు ఉండాది. ఆడికి నువ్వు పోల్యా గదా. కంచెకి బాగుంటాదని ఊరూరా ఎవరో ఒకరు తెచ్చినారు. వాండ్లలో బిడ్డ కోసరం తెచ్చింది నువ్వొక్కదానివే అయ్యుంటావు."

ఉచ్చీరమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. హులిగమ్మ ఆమె వీపు మీద చేయి వేసింది.

కొంతసేపటికి హులిగమ్మ చేతికి తగులుతున్న కంకిని ఒకదాన్ని తుంచి చూసింది.

"ఇదేం కసువు అత్తా? నేను యాడా చూడల్యా."

"యాడుంటాది ఇంగ?" ఉచ్చీరమ్మ ముక్కు తుడుచుకుంది. "నేను కాపరానికి వచ్చినప్పుడు ఊరవతలంతా ఇదే. నక్కతోక కసువు అంటాంటిమి. ఒక్కసారి వాన పడితే సాలు, ఎండాకాలం దాకా ఆవులకి దిగులు ల్యాదు. దీంట్లో బట్టమేక పిట్టలు తిరుగుతాండె. మేకంత పిట్టలు! తల ఎత్తి, పెద్దమనుషుల మాదిరి నడుస్తాండె. వాటికి దూరం కనపడాల. కల్లి లేసినంక దోవ కనపడక అవి పోయె. కసువు పోయె. జింకలు పోయె. ఈడ మాత్రం ఏటేటా దీపావళి ఎల్లినంక వచ్చి, కల్లి మొలకలు పీకేసి పోతాంటి. కసువు దానంతట అదే నిలిసింది. గొడ్డు దూరదు గదా."

హులిగమ్మ కంకిని అరచేతిలో నలిపింది. పొట్టు ఎగిరిపోయి, గసగసాలంత గింజలు మిగిలాయి. గింజల్ని చూసింది. చుట్టూ చూసింది.

"అత్తా, ఊరి మొత్తానికి ఈ కసువు ఈడనే మిగిలింది. ఈ రెండు మంచాల జాగాలో."

"అవు."

"కల్లి పడినదినమే గొడ్లు వచ్చి దీన్ని ఏర్లతో సహా మేసేస్తాయి. అప్పుడు ఈడ గూడా ఉండదు."

"అందుకే గదా వద్దంటాండా."

"వద్దంటే సేను పోతాది. నీ కొడుకు ఎద్దుల్ని అమ్మి ఆదోనికి పోతాడు. మనం పోయినంక ఈ మొలకలు పీకేది ఎవరు? రెండేండ్లకి కల్లి ఈ జాగాని గూడా మింగేస్తాది." హులిగమ్మ అత్త రెండు చేతులూ పట్టుకుంది. "ఇత్తనం పండింది అత్తా. ఈ దినమే దూసుకుందాం. కల్లి పడినంక మూడెకరాల్లో ఒక ఎకరా మనకి, రెండెకరాలు దీనికి. దానమ్మ దగ్గర పెరిగిన కసువు సేనంతా పెరగనీ. దాన్ని చూసి ఊరు ఏమనుకుంటాదో అనుకోనీ."

ఉచ్చీరమ్మ రాళ్ల వైపు తిరిగి కూర్చుంది. పెదవులు కదిలాయి కానీ ఏమన్నదీ హులిగమ్మకు వినబడలేదు. తర్వాత లేచి, ఎడమచేత్తో చీర చెరగు పట్టి, కుడిచేత్తో మొదటి కంకిని దూసింది.

ఇద్దరూ ఒడి నిండా గింజ దూసుకుని సందులోంచి బయటికి పాకేసరికి, గట్టు మీద భీమప్ప గంపతో నిలబడి ఉన్నాడు. తల్లీ పెళ్లామూ కల్లి కడుపులోంచి పుట్టుకొచ్చినట్టు రావడం చూసి అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"లోపల మీ అక్క ఉండాది," అంది హులిగమ్మ. "పోయి చూసి రా. తల ఎత్తొద్దు."

"నాకు అక్కనా?"

తల్లి ముఖం చూశాడు. గంప దించి, తలగుడ్డ తీసి, సందులోకి దూరాడు. బయటికి వచ్చినప్పుడు అతని మోకాళ్ల నుంచి రక్తం కారుతోంది. దాన్ని తుడుచుకోకుండా తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు.

"నాకు ఒక్కనాడన్నా సెప్పింటే, నేను నిన్న నీ మీద అరిసేవాన్నా అమ్మా?"

"అరిసినా గంప ఎత్తుకోని ఎనక్కి పోయినావు గదరా," అంది ఉచ్చీరమ్మ, అతని జుట్టులో చిక్కుకున్న కల్లిముల్లు తీస్తూ. "అది సాలు."

గంపలోంచి పురుగు పట్టిన ఆకును ఆమే అందుకుంది. వేలు తగిలి ఒక పురుగు నలిగింది. ఎర్రటి రసం వేలి కొసకు అంటింది. గంప దిగిన నాడు చూడవచ్చిన ఊరివాళ్లంతా రక్తమనుకుని భయపడింది ఆ రంగు చూసే. ఉచ్చీరమ్మ దాన్ని ఒకసారి చూసి, చీరకు తుడుచుకుంది. సందు పక్కన అన్నింటికన్నా ముదురు దుబ్బుకు ఆ ఆకును ఆనించి, దాని ముల్లుతోనే గుచ్చి నిలబెట్టింది. తర్వాత కూర్చుని రెండు రొట్టెలూ తినేసింది.

*

శేషాద్రి చెప్పింది చెప్పినట్టే జరిగింది. మాఘంలో కల్లి ఆకులు తెల్లబడ్డాయి. చైత్రానికి పసుపెక్కి మెత్తబడ్డాయి. వైశాఖంలో ఒకనాడు ఉదయం, మనిషెత్తు దుబ్బు ఒకటి దానంతట అదే మడత మంచంలా ముడుచుకుని కింద పడింది. ఆపైన రోజుకు పది, ఇరవై. ఊరంతా కుళ్లిన వాసన. ఆ వాసనను ఎవరూ తిట్టుకోలేదు. పిల్లలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తమ ఊరి అవతలి గుట్టను చూశారు.

రాళ్లు బయటపడ్డ నాడు ఉచ్చీరమ్మ ఇంట్లోంచి కదల్లేదు. సాయంత్రం వీరమ్మ వచ్చింది. ఒక కన్ను పోయిన కొడుకు తల్లి. గడపలో నిలబడి, "పసుపు కుంకుమ ఉంటే ఇయ్యి, రాళ్లకి పెట్టొస్తా," అంది. అంతే అంది. ఉచ్చీరమ్మ పసుపు గిన్నె తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ కలిసి చేనికి పోయారు.

మొదటి వాన ఆ ఏడు తొందరగా పడింది. వానకు ముందు ఉచ్చీరమ్మకు చలిజ్వరం వచ్చింది. హులిగమ్మ ఆమెను విడిచి కదలలేకపోయింది. అటకమీది కుండలో దాచిన గడ్డిగింజను భీమప్పే ఒక్కడూ చేనికి తీసుకుపోయి చల్లి వచ్చాడు.

వాన పడ్డ నాలుగో రోజు శేషాద్రి సైకిలు తొక్కుకుంటూ కరిగల్లు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఉచ్చీరమ్మ అప్పుడే లేచి పంచలో కూర్చుంది. అతను జేబులోంచి నాలుగు పసుపుపచ్చ కాయలు తీసి ఆమె ముందు పెట్టాడు.

"నేల బయటపడింది కదమ్మా, ఇక దాన్ని కాచుకోవాలి. ఇది సీమతుమ్మ. నీళ్లు అక్కర్లేదు. రెండేళ్లలో కంచె అవుతుంది, వంటచెరుకు అవుతుంది. దీని ఆకు ఏ పశువూ ముట్టదు."

ఉచ్చీరమ్మ ఒక కాయ తీసుకుని విరిచి, వాసన చూసి, కొస కొరికింది. తియ్యగా ఉంది.

"ఆకు ముట్టవు. కాయ?"

"కాయలు మేకలు ఎగబడి తింటాయి."

"గింజ?"

"గింజ మాత్రం అరగదమ్మా," అన్నాడు శేషాద్రి ఉత్సాహంగా. "పెంటలో ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. అదే దీని సుగుణం."

ఉచ్చీరమ్మ కాయను నేల మీద పెట్టింది. కోడలి వైపు చూసింది. హులిగమ్మ అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సామీ, వద్దు," అంది ఉచ్చీరమ్మ. "మంచికే సెప్తాండావు. నాకు గూడా ఒగ తోటాయన మంచికే సెప్పినాడు. ఇది మా సేనికి వద్దు."

శేషాద్రి ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. "వద్దంటే ఎలా? మొన్న ఆదోని వచ్చినప్పుడు భీమప్ప ఒక సంచి గింజ తీసుకున్నాడే. చల్లేశానని చెప్పాడు ఇప్పుడే, దోవలో."

హులిగమ్మ గుమ్మం దిగి వీధిలోకి పరుగెత్తింది. భీమప్ప ఎద్దులు తోలుకుని ఎదురుగా వస్తున్నాడు.

"ఆ తుమ్మగింజ యాడ సల్లినావు?"

"సేన్లో," అన్నాడు అతను, ఆమె ముఖం చూసి బెదిరిపోతూ. "కసువుగింజ మరీ సన్నం. గాలికి పోతాదని, రెండూ ఒక గంపలో కలిపి సల్లినా. ఏం?"

నలుగురూ చేనికి పోయారు. ఉచ్చీరమ్మ జ్వరం కాళ్లతో అందరికన్నా ముందు నడిచింది. నల్లరేగడి మీద ఈ కొస నుంచి ఆ కొసకు పచ్చటి నూగు లేచింది. సూదుల్లాంటి గడ్డిమొలకలు. వాటి నడుమ, వాటికన్నా బలంగా, జంట ఆకులతో తుమ్మమొలకలు.

"వేరు ఎంత బిరాన దిగుతాది?" అడిగింది ఉచ్చీరమ్మ, వెనక్కి తిరగకుండా.

శేషాద్రి గొంతు సవరించుకున్నాడు. "నెల తిరిగేసరికి మూరెడు. ఆపైన చేత్తో రాదు."

ఉచ్చీరమ్మ గొంతుక్కూర్చుని మొదటి మొలకను పీకింది. ఆమె పక్కన హులిగమ్మ కూర్చుంది. భీమప్ప ఎద్దుల తాడు వదిలేసి, రెండో సాలు నుంచి మొదలుపెట్టాడు.

శేషాద్రి మాత్రం గట్టు మీదనే నిలబడిపోయాడు. అతను చూస్తున్నది ఆ చేనును కాదు. దాని అవతల ఉన్న బీడును, ఆ బీడు అవతలి ఊళ్లను. ఆ వారంలో అతను పంచిన సంచులు పదకొండు.